స్విచ్ ఆపినా వెలిగే లైటు

తణుకు,
ఆదివారం.

అమ్మడూ,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం రాస్తున్నానని అనుకోకు. పోస్టాఫీసులో పని పడి వెళ్లాను, కవరు కొన్నాను, కొన్నది వృథా ఎందుకని రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ గౌరీనూ. మళ్లీ ఈనింది, ఈసారీ కోడెదూడే. పెరటి కాలవ పూడిక తీయించాను. వీధి గదికి సున్నం కొట్టించాలి, దీపావళిలోపు అవుతుందో లేదో.

మొన్న సరోజ పిన్ని మీ ఇంటినుంచి తిన్నగా ఇక్కడికే వచ్చింది. గంటసేపు మీ హాలు ముచ్చటే. సీలింగ్ చుట్టూ లైటెక్కడుందో కనపడదట, వెలుగు మాత్రం గోడల మీద జారుతూ వస్తుందట. ఎలక్ట్రీషియన్‌ని పిలవకుండా, ఫోన్‌లో వీడియోలు చూసి అంతా నువ్వే బిగించావట. విని సంతోషించాను. నిజంగానే. ఆ తర్వాత అది అన్న మాటకే నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. హాల్లో పడుకుంటే, స్విచ్ ఆపేశాక కూడా ఆ లైటు సన్నగా వెలుగుతూనే ఉందట. "గుడ్డి వెన్నెల కాసినట్టు ఎంత బాగుందో అక్కా" అంటుంది. వెన్నెలట, దాని మొహం.

అది వెన్నెల కాదమ్మా. స్విచ్ కరెంటు తెచ్చే ఫేజు తీగ మీద కాకుండా, దాన్ని వెనక్కి పంపే న్యూట్రల్ తీగ మీద పడి ఉంటుంది.

ఖాయంగా చెప్పలేను, కళ్లతో చూడలేదు కనక. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటరు ఉన్న రకమైతే, దానిలోంచి పారే కాస్త కరెంటుకే ఎల్‌ఈడీ అలా మిణుకుమంటుంది. తీగలు ఒకదాని పక్కన ఒకటి చాలా దూరం పోయినా ఒక్కోసారి అంతే. ఆ రెండిటికీ భయం లేదు. కానీ మీది పాత ఫ్లాటు. అందులో ఏ రంగు తీగ ఎవడు దేనికి వాడాడో ఎవరికి తెలుసు. నువ్వేమో ఎరుపు చూసి ఫేజు అనుకుని ఉంటావు.

అన్నట్టు, సొంఠి కొట్టించాను. దగ్గు తగ్గిందా? రాత్రిపూట పెరుగు మానేశావా?

ఎన్ని మీటర్లు వేసిందే అంటే సరోజ "చుట్టూరా" అంది. ఆ ఎల్‌ఈడీ పట్టీ ఒక రోల్ 5 మీటర్లుంటుంది కదా. మీటరుకి 60 ఎల్‌ఈడీలుండే పెద్ద రకమైతే మీటరుకి 14.4 వాట్లు, రోల్ మొత్తానికి 72. అంటే ఒక సీలింగ్ ఫ్యాను తినేంత. లైట్ల సర్క్యూట్ ఒక్కోదానికి 10 పాయింట్లు, 800 వాట్లు దాటనిచ్చేవారు కాదు మీ నాన్నగారు. కాబట్టి లోడు గురించి నాకు బెంగ లేదు. బెంగంతా డ్రైవర్, అదే 230 వోల్టుల్ని 12కి దించే డబ్బా, దాటాక అవతలి వైపు. గోడలో 230 వోల్టుల దగ్గర ఆ 72 వాట్లకి పారేది మూడో వంతు ఆంపియరు కూడా కాదు. అదే 12 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు. 12 వోల్టులే కదా, షాకు కొట్టదు కదా అని వెంట్రుకంత తీగ వేశావంటే అది వేడెక్కి, పైన ఉన్న చెక్కనీ దుమ్మునీ కాల్చుకుంటూ కూర్చుంటుంది. డ్రైవర్ 100 వాట్లది కొన్నావా, సరిగ్గా 72 చూసి కొన్నావా? గాలాడని చోట దాన్ని ఎక్కించి పైన జిప్సం మూసేయలేదు కదా? రేపు అది పోతే చెయ్యి పెట్టే దారి ఉండాలి. రెండు రోల్స్ అయితే ఒకదాని తోకకి ఇంకోటి తగిలించకు, చివర మసకబారుతుంది. రెండిటికీ డ్రైవర్ నుంచే విడివిడిగా తీగలు లాగు. అతుకులకి కనెక్టర్లు వాడావా, టేపు చుట్టావా? ఆ వేడికి టేపు జిగురు ఎండి, ఏడాది తిరిగేసరికి తనంతట తనే విడిపోతుంది.

చూశావా, ఏదో నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుని మళ్లీ క్లాసు పీకుతున్నాను. ఆయన నిచ్చెన కింద ముప్ఫై ఏళ్లు నిలబడ్డదాన్ని, ఊరుకోమంటే నోరు ఊరుకోదు.

సరోజ ఇంకోటి కూడా చెప్పింది. గుమ్మం దగ్గర ఒక్క జత చెప్పులే ఉన్నాయట. అల్లుడుగారు పుణె వెళ్లారన్నావట. వెళ్లనీ, ఉద్యోగం అన్నాక వెళ్లరా. నేనేం అడగడం లేదు. మరి నిచ్చెన ఎవరు పట్టుకున్నారు?

నీకో సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నాన్నగారి కుడి బొటనవేలి కింద మచ్చ ఉండేదే, మతాబు కాలిందని చెప్పాం. మతాబు కాదు. నీకు నాలుగేళ్లు. వేల్పూరులో పెళ్లివారింటికి సీరియల్ సెట్లు కట్టడానికి వెళ్లారు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని, నిన్ను చంకనేసుకుని నేనూ వెళ్లాను. పెళ్లివారింట్లో భోజనం పెట్టరా అంటావు, పెడతారు. కరెంటు పనివాడికి ఆఖరి బంతిలో పెడతారు. అప్పటికి ఈయనకి ఆకలి చచ్చిపోతుంది. వసారాలో ఉన్న లైటు పాయింటులోంచి సీరియల్ సెట్టుకి తీగ కలపాలి. స్విచ్ కట్టేశారు. బల్బు ఆరింది. అవతల మగపెళ్లివారి బస్సు ఊళ్లోకి వచ్చేసిందని ఒకటే కేకలు. రోజూ జేబులో ఉండే టెస్టరు ఆ రోజూ జేబులోనే ఉంది, బయటికి తీయలేదు. ఎడమ చెయ్యి రేకుల పందిరి ఇనప గొట్టం మీద, కుడి చేత్తో తీగ ఒలుస్తున్నారు. ఏదో పాట కూనిరాగం తీస్తున్నారు, ఆగిపోయింది. తలెత్తి చూశాను. నోరు తెరుచుకుని ఉంది, మాట రావడం లేదు. నిచ్చెన గడగడా ఊగుతోంది.

పట్టుకు లాగబోయాను. ఆయన ఎన్నోసార్లు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది, ముట్టుకోకు, ఎండు చెక్క చూడు అని. నిన్ను కింద పడేశాను, పడేశాననే చెప్పాలి, దించలేదు. పక్కన పసుపు కొట్టిన రోకలి ఉంది, తోరం కట్టి. దాంతో ఆయన మోచేతి మీద ఒక్కటి కొట్టాను. చెయ్యి ఊడి వచ్చింది, మనిషి కిందికి వచ్చారు. కింద వరిగడ్డి ఉండబట్టి సరిపోయింది. ఆ ఇంటి పెద్దావిడ పరుగున వచ్చి ముందు రోకలి చూసింది, ఆ తర్వాత మనిషిని చూసింది. ఆ చూపు మాత్రం నేను మర్చిపోను.

ఒక గంట కూర్చుని మజ్జిగ తాగి, చేతికి గుడ్డ చుట్టుకుని, మెయిన్ దించి ఆ బోర్డు విప్పారు. ముందు చేసినవాడెవడో స్విచ్‌ని న్యూట్రల్‌కి పెట్టాడు. స్విచ్ కట్టేస్తే బల్బు ఆరుతుంది, ఫేజు మాత్రం హోల్డరు దాకా వచ్చి కాచుకుని ఉంటుంది. ఆ సాయంత్రమే సరిచేసి సెట్లు వెలిగించి ఇంటికొచ్చారు. రాత్రి రెండింటికి లేచి కూర్చుని, "చిట్టి తలకి దెబ్బ తగల్లేదు కదా" అన్నారు.

ఆ రోజుల్లో బల్బుకి ఈ తప్పు చెప్పడం చేతకాదు. అంత కొంచెం కరెంటుకి లోపలి తీగ ఎర్రబడదు. నీ ఎల్‌ఈడీ అలా కాదు, చిన్నపిల్లలా చాడీ చెప్పేస్తుంది. అది చెబుతున్నది విను. ముందు ఆ లైట్ల ఎంసీబీ, అదే తీగల్లో కరెంటు మించితే తనే పడిపోయే స్విచ్, దించేసి అలాగే ఉంచు. మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, స్విచ్ ఆపి డ్రైవర్ దగ్గర ఫేజు వస్తోందేమో నీ ఎదురుగా చూపించమను. ఎంసీబీ ఉంది కదా అనకు, అది తీగల కోసం, మనిషి కోసం కాదు. కరెంటు మనిషిలోంచి లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడు. ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కు, టక్కున పడిపోవాలి.

నిన్ను పనికి తీసుకెళ్తానని ఆయన ఎంత అడిగినా, ఆడపిల్లకి నిచ్చెనలెందుకని ఆపింది నేనే. అప్పుడు వెళ్లనిచ్చి ఉంటే ఇప్పుడు వీడియోలు చూడాల్సిన పని ఉండేది కాదు. గోడల మీద వెలుగు ఎక్కడా మచ్చలు మచ్చలుగా లేదని సరోజ అంది. ఆ పని అందరికీ రాదు.

ఈ ఉత్తరంతో పాటు పార్శిల్ కూడా వేస్తున్నాను. మాగాయ సీసా మూతకి మైనం పెట్టాను, నిలబెట్టే ఉంచు. సొంఠి పొడి కాగితం పొట్లంలో ఉంది. పాత తువ్వాలులో చుట్టింది నాన్నగారి టెస్టరు. దాని పిడి పగిలింది, వాడకు, ఊరికే ఉంచుకో.

బుధవారం రాత్రి బస్సుకి బయల్దేరుదామనుకుంటున్నాను, గురువారం తెల్లారేసరికి కూకట్‌పల్లిలో ఉంటాను. గౌరిని సరోజ చూసుకుంటానంది. వద్దనుకుంటే ఫోన్ చేసి వద్దని చెప్పు.

మీ అమ్మ