వేలిముద్ర పడకపోతే చీటీ ఇవ్వండి

సంపాదకులకు,

రేషన్ దుకాణంలో ఈపాస్ యంత్రం వేలిముద్ర తీసుకోనప్పుడు జనం ఏం చేస్తారో గమనించండి. యంత్రాన్ని ఎవరూ అనుమానించరు. వేలిని చీర కొంగుకు తుడుస్తారు, నోటితో ఊదుకుంటారు, ఇంకో వేలు పెడతారు. అదీ పడకపోతే తప్పు తమదే అన్నట్టు వరుసలోంచి తప్పుకుంటారు. తూకంలో వంద గ్రాములు తగ్గితే డీలర్‌ను నిలదీసే ఆడవాళ్లే ఇక్కడ నోరెత్తకుండా వెళ్లిపోవడం నాకు మింగుడుపడదు. తూకమైతే కళ్లముందు కనిపిస్తుంది. ముద్ర కలిసిందా లేదా అని తేల్చేది ఎక్కడో ఉన్న ఆధార్ కంప్యూటర్. దానితో ఎవరు పోట్లాడగలరు?

పైగా ఈ తిప్పలు ఎక్కువగా ఎవరికి? చీమకుర్తిలో గ్రానైట్ రాళ్లు కోసి పాలిష్ పట్టేవాళ్లకు. నెల్లూరు వైపు గంటల తరబడి ఐసు నీళ్లలో చేతులుంచి రొయ్యల తలలు తీసేవాళ్లకు. ఇస్కపల్లి ఉప్పు కొటార్లలో పనిచేసేవాళ్లకు. పొగాకు రెలుపులకు, అంటే ఆకు కోతకు, వెళ్లేవాళ్ల చేతులకు అంటిన నల్ల జిగురు ఒక పట్టాన వదలదు. వయసు మీరితే చర్మం పలచబడి, వేలి గీతలు ఎలాగూ మాసిపోతాయి. కొండపి, టంగుటూరు పక్క పొగాకు గ్రేడింగ్ చేసే మహిళలు వేలితో తడిమి రకం చెప్పేస్తారు. వేలం కేంద్రంలో రైతుకు పలికే ధర ఆ విభజన మీదే ఆధారపడుతుంది. ఆ వేళ్లు బియ్యానికి మాత్రం పనికిరాలేదు!

నేను యంత్రాలకు విరోధిని కాను. టీ కొట్లో ఫోనుతో డబ్బు కడితే, చేరిందని అక్కడి చిన్న పెట్టె పైకే చెబుతుంది. ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఒకే మాట వింటారు కనుక చదువురానివారు కూడా దాన్ని నమ్ముతున్నారు. రేషన్ దగ్గర అలా కాదు. ముద్ర ఎందుకు కలవలేదో కార్డుదారుకు తెలియదు. “ఆధార్ సెంటర్‌కు వెళ్లి అప్‌డేట్ చేయించుకో” అంటారు. ఒక రోజు కూలి పోగొట్టుకుని వెళ్లినా, అరిగిన వేలికి కొత్తగా పడేదీ అరిగిన ముద్రే కదా. ఓటీపీ వస్తుందంటారు, ఆ నంబరున్న ఫోను హైదరాబాదులో కొడుకు జేబులో ఉంటుంది.

నిబంధనలు లేక కాదు. ముద్ర పడని అర్హులకు వేరే పద్ధతిలో సరుకులిచ్చి, ఆ వివరం రిజిస్టరులో రాయాలని 2017 అక్టోబర్‌లోనే ఆధార్ సంస్థ సర్క్యులర్ ఇచ్చింది. ఆధార్ చట్టం మీద 2018 సెప్టెంబర్ 26న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు కూడా, ధ్రువీకరణ విఫలమైందన్న కారణంతో అర్హులకు ప్రయోజనం ఆగకూడదంది. ఈ సంగతి దుకాణం ముందు నిలబడ్డ మనిషికి ఎవరు చెబుతున్నారు?

ప్రకాశం, నెల్లూరు జిల్లాల జాయింట్ కలెక్టర్లకు నా విన్నపం ఇది. ముద్ర పడకపోతే సరుకులు ఎలా తీసుకోవాలో ప్రతి దుకాణం ముందు పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించండి. ఆ రిజిస్టరు అడిగినవారికి చూపించాలి. ఎవరినైనా ఉత్త చేతులతో పంపిస్తే తేదీ, కారణం రాసి డీలర్ సంతకం చేసిన చీటీ ఇవ్వాలి. అలాంటి చీటీలు నెలకు ఎన్ని ఇచ్చారో దుకాణాలవారీగా ఊళ్లోని సచివాలయం నోటీసు బోర్డులో పెట్టాలి.

- ఒక పాఠకుడు,
టంగుటూరు, ప్రకాశం జిల్లా