సేవ్ కాని రాతకు ‘సేవ్ అయింది’ అని చూపిన మీ ఎడిటర్‌పై ఫిర్యాదు

వినియోగదారుల సహాయ విభాగం అధిపతి గారికి,

విషయం: మీ వెబ్ ఎడిటర్‌లో మూడు రోజుల రాత పోవడం, మీ ప్రతినిధి సలహా పాటించడంతో మిగిలిన ఒక్క కాపీ కూడా చెరిగిపోవడం.

నమస్కారం.

నేను రెండేళ్లుగా మీ చందాదారుని. తెలుగులోకి అనువాదాలు చేయడం నా వృత్తి. రాయడం, దిద్దడం, పంపడం అన్నీ మీ ఎడిటర్‌లోనే. పోయిన వారం అందులో నా మూడు రోజుల పని పోయింది. సంగతి అక్కడితో ఆగి ఉంటే నాలుగు ముక్కలు రాసి ఊరుకునేదాన్ని. కానీ ఆ పని నిజంగా పోయింది మీ ఎడిటర్ వల్ల కాదు, మీ సహాయ విభాగం మాట విన్నందువల్ల. అందుకే ఉత్తరం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

సోమవారం పొద్దున ఒక డాక్యుమెంట్ తెరిచి బుధవారం సాయంత్రం దాకా అందులోనే రాశాను. ట్యాబ్ మూయలేదు. ల్యాప్‌టాప్ మూత వేయడం, తీయడం, అంతే. పైన కుడిమూల ఆకుపచ్చ టిక్కుతో ‘మార్పులన్నీ సేవ్ అయ్యాయి’ అని మూడు రోజులూ కనిపిస్తూనే ఉంది. బుధవారం సాయంత్రం అదే డాక్యుమెంట్‌ని ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే ఆదివారం నాటి రాత వచ్చింది. గుండె ఆగినంత పనైంది. పరుగున మొదటి కంప్యూటర్ దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ అంతా ఉంది, చివరి వాక్యంతో సహా. అంతా సెలెక్ట్ చేసి ఒక నోట్‌ప్యాడ్‌లో పెట్టుకోవాల్సిన క్షణం అది. ఆ బుద్ధి నాకు అప్పుడు పుట్టలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. మీకు చాట్‌లో రాశాను.

మీ ప్రతినిధి జవాబు రెండు నిమిషాల్లో వచ్చింది: కాషె క్లియర్ చేయండి, సైట్ డేటా తీసేయండి, మళ్లీ లాగిన్ అవ్వండి. చేశాను. లాగిన్ అయ్యాక రెండు కంప్యూటర్లలోనూ ఆదివారం నాటి రాతే. ‘ఇప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తున్నాయా?’ అని అడిగారు. కనిపిస్తున్నాయన్నాను. ‘సమస్య పరిష్కారమైంది’ అని టికెట్ మూసేశారు!

ఏం జరిగిందో మీరు చెప్పలేదు కాబట్టి నేనే వెతుక్కున్నాను. ఒక ఖాళీ డాక్యుమెంట్ తెరిచి, ఎఫ్12 నొక్కి (పేజీ తెర వెనక ఏం చేస్తోందో చూపే బ్రౌజర్ పరికరాలు దానితో తెరుచుకుంటాయి), నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తూ రాయడం మొదలుపెట్టాను. కొన్ని సెకన్లకోసారి సేవ్ కోసం ఒక రిక్వెస్ట్ వెళ్తోంది, 200 అని, అంటే ‘సరే, అయింది’ అని, జవాబు వస్తోంది. బాగానే ఉంది. లాగిన్ పోతే ఏమవుతుందో చూద్దామనుకున్నాను. పక్క ట్యాబ్‌లో లాగౌట్ అయి, ఈ ట్యాబ్‌లో రాయడం కొనసాగించాను. అప్పటినుంచి ప్రతి రిక్వెస్ట్‌కీ 401 వచ్చింది. అంటే ‘నువ్వెవరో నాకు తెలియదు, మళ్లీ లాగిన్ అవ్వు’ అని మీ సర్వర్ ప్రతిసారీ స్పష్టంగానే చెబుతోంది. ఆ మాట తెర మీదికి మాత్రం రావడం లేదు. ఆకుపచ్చ టిక్కు చెక్కుచెదరలేదు.

అప్లికేషన్ ట్యాబ్‌లో లోకల్ స్టోరేజ్ తెరిస్తే కారణం దొరికింది. మీ ఎడిటర్ ప్రతి మార్పునీ ముందు బ్రౌజర్‌లోనే రాసుకుంటోంది. ఆ టిక్కు పడేది ఆ రాతకి. సర్వర్‌కి చేరిందా లేదా అన్నదానితో దానికి సంబంధమే లేదు. అంటే బుధవారం సాయంత్రం నా మూడు రోజుల పని ఆ లోకల్ స్టోరేజ్‌లో భద్రంగా ఉంది. లోకమంతటిలో అది ఉన్న చోటు అదొక్కటే. సరిగ్గా దాన్నే తుడిచేయమని మీ ప్రతినిధి చెప్పారు, నేను నా చేత్తో తుడిచేశాను. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది.

కాషె వేరు, సైట్ డేటా వేరు. కాషెలో ఉండేవి బొమ్మలు, స్క్రిప్టుల తాత్కాలిక కాపీలు. అవి పోతే పేజీ మళ్లీ దించుకుంటుంది, ఎవరికీ నష్టం లేదు. సైట్ డేటాలో కుకీలతో పాటు లోకల్ స్టోరేజ్, ఇండెక్స్‌డ్ డీబీ (రెండూ బ్రౌజర్‌లో సైట్లు డేటా దాచుకునే చోట్లు) కూడా ఉంటాయి. అక్కడ వాడుకరి రాతను దాస్తున్నది మీరే. ఆ రెంటినీ ఒకే ఊపిరిలో ‘క్లియర్ చేయండి’ అని చెప్పేవారికి మీ ఎడిటర్ ఏది ఎక్కడ పెడుతుందో తెలియదని అర్థం. వారిని నేను తప్పుపట్టను. వారి ముందున్న కాగితంలో ఏముంటే అదే చదివారు. ఆ కాగితం రాసినవారికే ఈ ఉత్తరం.

మరుసటి రోజు ఇంకో ప్రతినిధి ఎక్స్‌టెన్షన్ల వల్లేమో అన్నారు. ఇన్‌కాగ్నిటో విండోలో, ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి, వేరే బ్రౌజర్‌లో, మూడు విధాలా చూశాను. ఫలితం మారలేదు.

ఎలాగూ కూర్చున్నాను కాబట్టి ఏడాదిగా అణచుకున్న ఇంకో బాధ కూడా చెప్పేస్తాను. మీ ఎడిటర్‌లో ‘వెబ్‌సైట్’ అని రాసి సేవ్ చేసి మళ్లీ తెరిస్తే ‘వెబ్సైట్’ అవుతుంది. ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. దీన్ని మీవారు ‘ఫాంట్ సమస్య’ అన్నారు. కాదు. పొల్లు తర్వాత హల్లు వస్తే తెలుగులో అది ఒత్తుగా మారిపోతుంది. అలా మారకూడదనుకున్న చోట మధ్యలో కనబడని అక్షరం ఒకటి పెడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. ‘వెబ్‌సైట్’లో దాన్ని కలిపి యూనికోడ్ అక్షరాలు 9. మీ దగ్గర సేవ్ చేసి తిరిగి తెరిచాక లెక్కపెడితే 8. ఫాంట్ అక్షరాల్ని వంకరగా చూపించవచ్చు గానీ మింగేయలేదు కదా.

ఎందుకిలా అవుతోందో నాకు తోచింది చెబుతాను. వర్డ్ నుంచి పేస్ట్ చేసినప్పుడు వచ్చే చెత్తను మీ ఎడిటర్ చాలా బాగా ఏరేస్తుంది. పనికిరాని స్టైళ్లు, ఖాళీ స్పాన్లు పోతాయి. పట్టికలు, శీర్షికలు నిలుస్తాయి. ఇంత శుభ్రంగా చేసే ఎడిటర్ నేను ఇంకోటి చూడలేదు, ఆ పని చేసినవారికి నా మాటగా చెప్పండి. ఆ ఊపులోనే కనబడని అక్షరాలన్నిటినీ ఒకే గాటన కట్టేసి ఊడ్చేస్తున్నారు. జీరో విడ్త్ స్పేస్‌ని తీసేస్తే పెద్దగా నష్టం ఉండకపోవచ్చు. నాన్ జాయినర్ అలాంటిది కాదు, అది రాతలో భాగం. పర్షియన్ రాసేవారికి అది లేకపోతే మాకంటే ఎక్కువ ఇబ్బంది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక కంపెనీకి ఇది విడమరిచి చెప్పాల్సి రావడం విచిత్రంగా ఉంది.

టైపింగ్ సంగతి కూడా. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే కీబోర్డుతో రాస్తున్నప్పుడు, ఒక్కోసారి ‘తెలుగు’ అని కొడితే ‘తెలుతెలుగు’ అని పడుతుంది. మాట ఇంకా పూర్తికాక, కింద గీతతో ఉన్నప్పుడే మీ ఆటో ఫార్మాటింగ్ ఆ పేరాను తిరగరాయడం వల్ల ఇలా జరుగుతోంది. ఆటో ఫార్మాటింగ్ ఆపేస్తే ఆగిపోయింది కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. కొట్టిన అక్షరాలు తెలుగు మాటగా మారే ఈ కూర్పు మొదలైందని, ముగిసిందని బ్రౌజర్ రెండు ఈవెంట్లు పంపుతుంది. ఆ రెంటి మధ్యా పేరా జోలికి పోకుండా ఉంటే చాలు. జపనీస్, చైనీస్ రాసేవారు కూడా మీకు ఇదే మొరపెట్టుకుని ఉంటారు. మీ పరీక్షలన్నీ ఇంగ్లిష్‌లోనే చేస్తారు గనుక ‘మా దగ్గర బాగానే పనిచేస్తోంది’ అన్న జవాబే వస్తుంది. కంట్రోల్ జెడ్ ఒక్కోసారి ఒక్క మాటకి బదులు పేరా మొత్తం వెనక్కి లాగడం గురించి ఇంకోసారి రాస్తాను.

ఇక నాకు కావలసినవి. పోయిన రాత సర్వర్‌కి చేరనే లేదు కాబట్టి దాన్ని వెతికి పెట్టమని అడగడం లేదు. దాన్ని మళ్లీ రాస్తున్నాను. మూసిన టికెట్ తెరవండి, అందులో ‘డేటా పోయింది’ అని నమోదు చేయండి. ఈ నెల చందా వెనక్కి ఇవ్వండి. ఆ టిక్కును రెండుగా విడగొట్టండి: ఈ బ్రౌజర్‌లో ఉందా, సర్వర్‌కి చేరిందా అన్నది వాడుకరికి తెలియాలి. 401 వచ్చిన మరుక్షణం ఎర్రగా చెప్పండి, రాస్తున్న పేజీ పోకుండా అక్కడికక్కడే లాగిన్ అడగండి. సైట్ డేటా తీసేయమనే ముందు రాతనంతా కాపీ చేసుకోమని చెప్పే వాక్యం ఒకటి మీ ప్రతినిధుల కాగితంలో చేర్చండి. దీనికి ఇంజనీర్లు కూడా అక్కర్లేదు, ఈ రోజే చేయవచ్చు. అన్నిటికంటే ముందు ఇది చేయండి, ఈపాటికి ఇంకెవరో నాలాగే చెరుపుకుంటూ ఉంటారు. నాన్ జాయినర్‌ని తీసేయడం ఎప్పటికి ఆపుతారో తేదీ చెప్పండి. నా డాక్యుమెంట్ల పాత వెర్షన్లలో అది మిగిలి ఉంటే, వాటన్నిటినీ ఒకేసారి దించుకునే దారి చూపండి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను.

401 జవాబులు, పక్కనే ఆకుపచ్చ టిక్కు రెండూ కనిపించే స్క్రీన్ రికార్డింగ్, నెట్‌వర్క్ లాగ్ ఫైల్ జతచేశాను. లాగ్ ఫైల్‌లో కుకీలు ఉండవచ్చు, వాటితో నా ఖాతాలోకి ఎవరైనా దూరవచ్చు. మీ రెండో ప్రతినిధి ఆ హెచ్చరిక లేకుండానే ఫైల్ పంపమన్నారు. వాటిని తీసేసే పంపుతున్నాను.

ఇట్లు,
మీ చందాదారు