గుప్పిట బిగించవద్దని చెప్పు

సూరీ,

నిన్న ఫోనులో 'లాక్టిక్ ఆసిడ్ పరీక్ష' అనే మాటను మూడు రకాలుగా పలికావు, మూడుసార్లూ భయపడుతూనే. నేను బస్సు దిగే హడావిడిలో ఉండి సరిగా చెప్పలేకపోయాను. రేపు పొద్దున్నే అమ్మను తీసుకువెళ్లాలి కదా, రాత్రికే ఇది చదువు.

ముందు అమ్మ సందేహం తీర్చు. పెరుగన్నం తినడం వల్ల వచ్చింది కాదు ఇది. పేరు మాత్రం పాల నుంచే వచ్చింది. 1780లో స్వీడన్‌లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త పులిసిన పాలలోంచి ఈ ఆమ్లాన్ని వేరు చేశాడు. రక్తంలో కొలిచేది మాత్రం మన ఒంట్లోనే పుట్టేది. కణాలు చక్కెరను వాడుకునేటప్పుడు ఎప్పుడూ కొంత పుడుతూనే ఉంటుంది, ఆక్సిజన్ చాలనప్పుడు ఇంకా ఎక్కువ. కాలేయం, కొంతవరకు మూత్రపిండాలు దాన్ని ఎప్పటికప్పుడు తీసేస్తుంటాయి. పుట్టేది పెరిగినా, తీసేసేది తగ్గినా అంకె పైకి పోతుంది. అమ్మ వాడే షుగరు మందు మెట్‌ఫార్మిన్ మూత్రపిండాల ద్వారానే బయటకు పోవాలి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందన్నావు, వికారం, నీరసం అన్నావు. మందు ఒంట్లో పేరుకుని ఈ ఆమ్లాన్ని పెంచిందేమోనని డాక్టరు తేల్చుకుంటున్నారు. అలా కావడం అరుదే. ఈ రాత్రి మాత్ర వేయాలా వద్దా అన్నది మాత్రం నువ్వు తేల్చకు, ఆయనకే ఫోన్ చేసి అడుగు. రాత్రి వాంతులైనా, ఆయాసంతో గట్టిగా ఊపిరి తీస్తున్నా, మాట తడబడినా పొద్దుటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపో.

ఇక మా నాన్న కథ. ఈ ఉత్తరం రాస్తున్నదే దాని కోసం.

కిందటేడు ఆయనకూ ఇదే పరీక్ష రాశారు. ల్యాబు ఉన్నది మూడో అంతస్తులో, ఆ రోజు లిఫ్టు పనిచేయలేదు. మెట్లన్నీ ఎక్కి, ఇంకా రొప్పుతుండగానే లోపలికి పిలిచారు. ఆ అమ్మాయి రబ్బరు పట్టీ బిగించి, నరం దొరకక, "గుప్పిట మూసి తెరవండి మాస్టారూ" అంది. ముప్పై ఏళ్లు బడిలో డ్రిల్లు చేయించిన మనిషి కదా, ఊరుకుంటారా! లెక్కపెట్టి మరీ మూసి తెరిచారు. రక్తం తీసిన ట్యూబు ఫ్యాను కింద, మిగతా ట్యూబుల పక్కన నిలబడింది. మేము బిల్లు కట్టి, టీ తాగి వచ్చేసరికి కూడా అక్కడే ఉంది.

సాయంత్రం రిపోర్టులో 3.4. రెండు దాటకూడదని ఫోనులో చూసిన నేను ఆ రాత్రి కన్ను మూయలేదు. నాన్న మాత్రం గుర్రు పెట్టి నిద్రపోయారు.

మర్నాడు డాక్టరు నాడి, బీపీ చూసి, ఊపిరి గమనించి, "మనిషి ఒకలా ఉన్నారు, అంకె ఇంకోలా ఉంది, మళ్లీ తీయిద్దాం" అన్నారు. ఈసారి అరగంట పడుకోబెట్టారు. గుప్పిట బిగించనివ్వలేదు. పట్టీ కట్టారంటే కట్టారు, సూది దిగగానే వదిలేశారు. బూడిద రంగు మూత ఉన్న ట్యూబులో తీసి, ఐసు ముక్కల డబ్బాలో పెట్టి, ఒక కుర్రవాడు దాదాపు పరుగున తీసుకుపోయాడు. వచ్చింది 1.2.

కారణం వింటే ఆశ్చర్యపోతావు. బిగించిన కండ ఎలాగూ లాక్టేట్‌ను, అంటే రక్తంలో ఈ ఆమ్లం ఉండే రూపాన్ని, వదులుతుంది. ట్యూబులోకి వచ్చాక కూడా రక్తకణాలు చావవు, అందులోని చక్కెరను తింటూ లాక్టేట్ చేస్తూనే ఉంటాయి. బూడిద మూత ట్యూబులోని ఫ్లోరైడు ఆ వంటను ఆపుతుంది, ఐసు మందగింపజేస్తుంది. అందుకే పావుగంటలోపు యంత్రం దగ్గరికి చేర్చాలని తొందర పడతారు.

కాబట్టి నువ్వు అక్కడ కాస్త మొండిగా ఉండాలి. పరగడుపున రావాలా అని ఇప్పుడే ల్యాబుకు ఫోన్ చేసి అడుగు, ఒక్కో చోట ఒక్కో పద్ధతి. అమ్మను పొద్దున నడకకు పోనివ్వకు. నొప్పి మామూలు సూది నొప్పే. మణికట్టు దగ్గర ధమని నుంచి తీస్తే మాత్రం కాస్త లోతుగా గుచ్చుకుంటుంది, తర్వాత అయిదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. చీటీ కూడా ఒకసారి చూడు. ఎల్‌డీహెచ్ (లాక్టేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైము) అని ఉంటే అది వేరే పరీక్ష, పేర్లు దగ్గరగా ఉండి తారుమారవుతుంటాయి.

రిపోర్టు వచ్చాక అంకె పక్కన కొలమానం చూడకుండా నాకు ఫోన్ చేయకు. లీటరుకు మిల్లీమోల్‌లలో (mmol/L) అయితే సుమారు 2 లోపు మామూలు, 4 దాటితే తీవ్రంగా తీసుకుంటారు. కొన్ని ల్యాబులు డెసిలీటరుకు మిల్లీగ్రాములలో (mg/dL) ఇస్తాయి, అక్కడ అంకె తొమ్మిది రెట్లు ఉంటుంది. 14 అని కనిపిస్తే గుండె జారిపోకు, అది ఒకటిన్నరే! మిల్లీమోల్‌లలో 2కీ 4కీ మధ్యలో ఏదైనా వస్తే మళ్లీ తీయమంటారు. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌తో అత్యవసర విభాగంలో చేరినవాళ్లకు కూడా కొన్ని గంటల తర్వాత మళ్లీ తీసి, తగ్గుతోందా లేదా అనే చూస్తారు. ఉబ్బసానికి సాల్బుటమాల్ ఆవిరి పట్టినా, మూర్ఛ వచ్చినా కాసేపు పెరుగుతుంది. అమ్మకు అవేవీ లేవనుకో.

నాన్న నిన్ను అడిగానని చెప్పమన్నారు. ఇప్పుడు ఏ రక్తపరీక్షకు వెళ్లినా, దక్షిణ పుచ్చుకునేవాడిలా అరచేయి చాచి కూర్చుంటున్నారు. మూయమన్నా మూయరు. రేపు అమ్మనూ అలాగే కూర్చోబెట్టు. ల్యాబులో లిఫ్టు ఉందో లేదో కూడా కనుక్కో.

నీ
రాఘవ