తెర వెలిగే ముందు పిల్లల్ని అడగండి

సంపాదకులు గారికి,
నమస్కారం.

'నాడు-నేడు' పనులు జరిగిన మన విశాఖ ప్రభుత్వ బళ్లలో చాలా తరగతి గదులకు పెద్ద టచ్ ప్యానెళ్లు వచ్చాయి. టీచర్లు వాటిని ఐఎఫ్‌పీలు అంటారు. అవి లేని చోట స్మార్ట్ టీవీలు పెట్టారు. ఇక ప్రైవేటు బళ్లు 'డిజిటల్ క్లాస్‌రూమ్' అన్న మాట లేకుండా అడ్మిషన్ల హోర్డింగే కట్టవు. పరికరాలు వచ్చినందుకు నాకు సంతోషమే. వాటి ముందు కూర్చున్న పిల్లలు ఏం చేస్తున్నారన్నదే నా బెంగ. నేను ఫిజికల్ సైన్స్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పటికీ పిలిచిన బడికల్లా వెళ్లి పాఠం చెబుతుంటాను. చాలా గదుల్లో కనిపించేది ఒకటే. వీడియో పెడతారు, పిల్లలు కదలకుండా చూస్తారు. చివర్లో "అర్థమైందా?" అంటే "అయింది మేడమ్" అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. బెల్లు కొడతారు.

కదలకుండా చూస్తున్నారంటే శ్రద్ధగా ఉన్నారని మనం అనుకుంటున్నాం. నేను అలా అనుకోలేకపోతున్నాను.

పదో తరగతి విద్యుత్తు పాఠమే తీసుకోండి. ఒక బ్యాటరీకి ఒకేలాంటి రెండు బల్బులను శ్రేణి సంధానంలో, అంటే ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటిగా కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? ఏ తరగతిలోనైనా అడిగి చూడండి. "మొదటిదే మేడమ్, కరెంటు అక్కడే కొంత అయిపోద్ది కదా" అనేవాళ్లు చాలామంది ఉంటారు. ఓమ్ నియమం తప్పు లేకుండా అప్పజెప్పే పిల్లలు కూడా వారిలో ఉంటారు. ఇది మన పిల్లల ఒక్కరి పొరపాటు కాదు, సైన్సు బోధన మీద పరిశోధన చేసినవాళ్లు అనేక దేశాల్లో ఇదే చూశారు. వీడియో ఎంత బాగా తీసినా ఈ ఆలోచనను కదపలేదు. పిల్ల మనసులో అలాంటిది ఉందని దానికెలా తెలుస్తుంది? టీచరు అడిగితేనే బయటపడుతుంది.

ఇప్పుడు అదే ప్యానెల్ మీద ఫెట్ సిమ్యులేషన్ తెరవండి, అంటే తెర మీదే వైర్లు, బల్బులు కలిపి చేసే ప్రయోగం. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. పూర్తిగా ఉచితం. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకున్నా పనిచేస్తాయి. ముందు ప్రతి ఒక్కరి చేతా జవాబు నోట్సులో రాయించాలి. తర్వాత వెనక బెంచీలో ఉన్న ఒక అమ్మాయిని పిలిచి వైర్లు కలపమనాలి. రెండు బల్బులూ ఒకేలా వెలుగుతాయి. మొదటి బల్బుకు ముందూ, రెండో బల్బు తర్వాతా తీగలో ఎలక్ట్రాన్లు ఒకే తీరున సాగుతూ కనిపిస్తాయి. "అదెలా మేడమ్?" అని ఎవరో ఒకరు లేస్తారు. ఆ ప్రశ్న వచ్చాక టీచరు చెప్పే మాటను పిల్లలు వినే తీరే వేరు. ఆ వెంటనే అసలు సెల్లులు, బల్బులు వాళ్ల చేతికివ్వాలి. అసలు బల్బులు కాస్త తేడాగా వెలిగితే మరీ మంచిది, ఎందుకలా అన్న ప్రశ్న ఇంకొకటి దొరుకుతుంది.

పిల్లలకు తలా ఒక ట్యాబు ఉంటే తప్ప ఇదంతా కుదరదనేవాళ్లకు ప్లికర్స్ అనే యాప్ గురించి చెప్పాలి. అందులో పిల్లలకు ఇచ్చేది కాగితం కార్డు. ఒక్కొక్కరి కార్డు మీద ఒక్కో రకం నలుపు తెలుపు గుర్తు ఉంటుంది. జవాబు ఏ అయితే ఆ అక్షరం ఉన్న వైపు, బీ అయితే ఆ వైపు పైకి వచ్చేలా కార్డు పట్టుకోవాలి. టీచరు తన ఫోను కెమెరాను గదంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏ జవాబు ఇచ్చారో ఫోనులో కనిపిస్తుంది. పక్కవాడి కార్డు చూసి రాసేందుకు వీలుండదు. మీడియం మారాక ఇంగ్లిషులో నోరు విప్పడానికి భయపడే పిల్లలున్నారు. ద్విభాషా పుస్తకంలో తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుని కూడా మాట్లాడరు. వాళ్లు కార్డు మాత్రం ధైర్యంగా ఎత్తుతారు. చదువులో సాంకేతికత అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే, ఎందుకంటే ఇందులో ఎవరూ మిగిలిపోరు.

ఇంటికి వాట్సాప్‌లో వీడియోలు పంపడం మీద నాకంత నమ్మకం లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు వేటకో, షిఫ్టుకో పోతే ఆ పిల్లవాడు ఏం చూస్తాడు? ఫోను చేతిలో ఉన్నా పరిస్థితి ఏమిటో పల్లె పిల్లల చదువు మీద సర్వే చేసే అసర్ 2024 నివేదిక చెప్పింది. గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి పైగా స్మార్ట్‌ఫోను వాడటం తెలిసినవాళ్లే. వాళ్లలో సర్వేకు ముందు వారంలో దాన్ని చదువు కోసం వాడినవాళ్లు 57 శాతమైతే సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. నగరంలో ఇంకా మెరుగ్గా ఉంటుందని నేననుకోను.

మన ఊళ్లో ఉన్నదాన్ని తరగతిలోకి తెచ్చుకోకపోవడం నాకు మరీ బాధగా ఉంటుంది. తుపాను హెచ్చరిక కేంద్రం ఇక్కడే ఉంది. వాన మేఘాల కదలికను పసిగట్టే డాప్లర్ రాడార్ ఉంది. ఉపగ్రహ చిత్రాలు వాతావరణ శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిన రోజున ఆ చిత్రం ప్యానెల్ మీద పెట్టి, రేపు ఉదయానికి ఇది ఎక్కడుంటుందో అక్షాంశ రేఖాంశాలతో మ్యాపులో గుర్తించమనండి. మర్నాడు బడికి రాగానే సరిచూసుకోమనండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరాన్ని ఏం చేసిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మనండి.

ఆర్కే బీచ్ కోత కూడా అలాంటిదే. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు పక్కపక్కన పెట్టి ఇసుక వెడల్పు కొలిపించొచ్చు. అలలు దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకొచ్చే ఇసుకను ఔటర్ హార్బరు అడ్డుకుంటే, పోర్టు వాళ్లు దాన్ని తవ్వి తీసి బీచ్ వైపు పోయాల్సి వస్తోందన్నది ఒక పూర్తి భూగోళ పాఠం. మత్స్యకారుల పిల్లలు ఉన్న తరగతిలో అయితే ఈ పాఠం చెప్పేది వాళ్లే.

తెర బడిలోకి రావడం కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహ టీవీతో పాఠాలు చెప్పిన 'సైట్' అనే ప్రయోగంలో నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. పొద్దుటి పూట కార్యక్రమాలు బడిపిల్లల కోసమే. టీచర్ల శిక్షణకు కూడా ఆ టీవీనే వాడారు. యాభై ఏళ్ల తర్వాత ప్యానెల్ బిగించి, ఆన్ చేయడం నేర్పి, శిక్షణ అయిపోయిందనుకోవడం న్యాయం కాదు.

టీచర్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. హాజరు, మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్లు... ఎన్ని ఫొటోలు, ఎన్ని యాప్‌లు! రోజూ ఆ టెన్షన్‌తో ఉన్న మనిషి సిమ్యులేషన్ వెతికి, ప్రశ్నలు తయారుచేసుకుని ఎప్పుడు రావాలి? యాప్‌లన్నీ కలిపి ఒకటి చేయడం మంచిదే, అందులో నింపాల్సిన పని కూడా తగ్గాలి. జిల్లా విద్యాశాఖాధికారికి, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పాఠశాలలు చూసే అధికారులకు నా విన్నపం ఇది. చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో సర్క్యులర్లు చదవడం తగ్గించి, ప్రతిసారీ ఒక టీచరు తాను ప్యానెల్ మీద చెప్పిన పాఠాన్ని మిగతావారికి చేసి చూపే ఏర్పాటు చేయండి. నేను వెళ్లిన ఒక బడిలో టచ్ పనిచేయని ప్యానెల్‌కు గుడ్డ కప్పి ఉంచారు. ఎవరికి చెప్పాలో అక్కడ ఎవరికీ స్పష్టంగా తెలియదు. రిపేరుకు ఒక ఫోను నంబరు, ఇన్ని రోజుల్లో బాగుచేస్తామన్న హామీ ప్రతి బడి గోడ మీదా రాయించండి. డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ ఉంది, చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ పనులు వాళ్లకు అప్పగించవచ్చు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఈసారి మెగా పీటీఎంకు, అంటే తల్లిదండ్రులు-టీచర్ల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కులతో పాటు, ఈ నెలలో మీ అమ్మాయి ఆ ప్యానెల్ దగ్గరకు వెళ్లి ఏం చేసిందో, ఏం అడిగిందో టీచరును కనుక్కోండి. ఆ పని చేయించడానికి టీచరుకు ఏం కావాలో కూడా అక్కడే అడిగి, పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానంలో రాయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచరు,
గోపాలపట్నం, విశాఖపట్నం.