మూడున్నర రూపాయల వడ్డీ

డాలస్

నాయనకు, అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా బాగున్నాం. పాపకు జలుబు తగ్గింది, బడికి పోతోంది. నా ఉద్యోగం మామూలే, రాసేంత విశేషం లేదు. ఫోన్లో అయితే మీరు స్పీకరు పెడతారు, పక్కన తమ్ముడో మరదలో ఉంటారు, తమ్ముడి కార్డు బాకీ సంగతి మాట్లాడటానికి వీలవదు. అందుకే ఇంత రాస్తున్నా. నాయనా, కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదువు.

"నువ్వు కూడా క్రెడిట్ కార్డుల మీదే బతుకుతున్నావా?" అని మొన్న అడిగావు. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. అమెరికా వాళ్ల కార్డు బాకీ లక్ష కోట్ల డాలర్లు దాటిందని పేపర్లో చదివానన్నావు. నిజమే, 2023లోనే దాటింది. కానీ ఆ లెక్కలో ఎవరెవరు కలుస్తారో కూడా చూడాలి. గడువులోపల మొత్తం కట్టేసేవాళ్ల బిల్లూ, ఏళ్ల తరబడి తీర్చలేక మోస్తున్నవాళ్ల బాకీ అన్నీ కలిపితే వచ్చిన అంకె అది. అందులో మా బిల్లు కూడా ఉంటుంది, కానీ మాకు అప్పు లేదు.

మా ఇంటి లెక్క నీ దగ్గర దాచేదేముంది. పన్నులు పోను నెలకు 7,800 డాలర్లు చేతికొస్తే, కార్డు మీద 2,600 దాకా పోతుంది. సంపాదనలో మూడో వంతు. వినడానికి ఎక్కువే. కానీ బియ్యం, పప్పు, పెట్రోలు, కరెంటు, ఫోను, పాప డాక్టరు ఫీజు అన్నీ అందులోనే. అద్దె మాత్రం బ్యాంకు నుంచి నేరుగా పోతుంది. బిల్లు మొత్తం గడువుకు ముందే నా ఖాతాలోంచి దానంతట అదే కట్ అయ్యేటట్టు పెట్టుకున్నా. ఇంతవరకు ఒక్క డాలరు వడ్డీ కట్టలేదు. నువ్వు ఎరువుల కొట్లో ఖాతా రాయించి, కొండపిలో పొగాకు వేలం డబ్బు రాగానే తీర్చేవాడివే, ఇదీ అంతే. కాకపోతే నువ్వు సరుకు తెచ్చిన రోజు నుంచే కొట్టాయన వడ్డీ వేసేవాడు, వీళ్లు గడువు దాకా వెయ్యరు.

గడువు దాటితేనే తంటా. ఇక్కడ సగటున ఏడాదికి దాదాపు 21 శాతం, మన లెక్కలో నెలకు నూటికి రూపాయి ముప్పావలా. తమ్ముడి కార్డుల మీద నెలకు 3.5 శాతం. మూడున్నర రూపాయల వడ్డీ నాయనా! ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. పొగాకు కాల్చే బ్యారన్ కట్టిన ఏడాది కూడా నువ్వు రెండు రూపాయలు దాటి ఎక్కడా తేలేదు. అప్పుడే నీకు అన్నం సయించేది కాదు, నాకు గుర్తుంది.

వాడి స్టేట్‌మెంట్లు తెప్పించుకుని చూశా. మూడు కార్డుల మీద కలిపి బాకీ 1,80,000 రూపాయలు. జీతం 42,000. నెలనెలా కనీసం కట్టాల్సిన 9,000 తప్పకుండా కడుతున్నాడు, పాపం. అది కడితే బాకీ తీరుతోందనే అనుకున్నాడు. ఆ 9,000లో వడ్డీకే 6,300, జీఎస్టీకి 1,134. అసల్లోకి పోయేది 1,566. జీతంలో అయిదో వంతు పైగా పోయాక నెలాఖరుకి చాలదు, మళ్లీ కార్డే గీస్తాడు. పాత బాకీ మిగిలి ఉంటే కొత్తగా కొన్నదానికి గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ. ఇక్కడ మా బిల్లు మీద చిన్న గడి ఒకటి ఉంటుంది. కనీస మొత్తమే కడుతూ పోతే తీరడానికి ఎన్నేళ్లో, మొత్తం ఎంతవుతుందో అందులో వేస్తారు, 2009లో చట్టం చేశారు. వాడి బిల్లులోనూ హెచ్చరిక ఉంది కానీ వాడి బాకీకి ఎన్నేళ్లు పడుతుందో మాత్రం లేదు.

నాయనా, వాడిని ఏమీ అనొద్దు. జల్సాలకు చేసింది కాదు. మరదలి కాన్పప్పుడు ఒంగోలు ఆస్పత్రిలో డబ్బు కడితేనే అన్నప్పుడు గీసిందే సగానికి పైగా ఉంది. ఆ రాత్రి మిమ్మల్ని లేపకూడదనుకున్నాడు. ఇప్పటికీ నీ ముందు తలెత్తడానికి జంకుతున్నాడు.

అమ్మా, నీ గొలుసు బ్యాంకులో పెట్టే మాట మానుకో. పొలం మీద కూడా అప్పు తేవొద్దు. 1,80,000 మొత్తం నేనే పంపుతా. తమ్ముడు ఇప్పుడు కట్టే 9,000నే నెలనెలా నీ ఖాతాలో వేస్తాడు. వడ్డీ లేదు కాబట్టి 20 నెలల్లో అయిపోతుంది. ఊరికే ఇస్తే వాడు తీసుకోడు, వాడి సంగతి నాకు తెలుసు.

బాకీ కట్టగానే రెండు కార్డులు రద్దు చేయమని రాసి ఇవ్వాలి. ఊరికే విరిచి పారేస్తే రద్దు కాదు. బాకీ లేకుంటే ఏడు పనిదినాల్లో మూసేయాలి, లేటయితే రోజుకు 500 చొప్పున వాళ్లే ఇవ్వాలి, రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. ఒక కార్డు ఉంచుకోనీ, ఆస్పత్రి అవసరాలకు. బాకీ వసూలు వాళ్లు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేశారని అమ్మ భయపడిందట. సాయంత్రం ఏడు దాటాక, పొద్దున ఎనిమిదికి ముందు వాళ్లు చేయకూడదు. మళ్లీ చేస్తే టైము, నంబరు రాసిపెట్టు నాయనా, గట్టిగా మాట్లాడి టెన్షన్ పెట్టుకోకు. నేను ఫిర్యాదు పెడతా.

ఈసారి వేలంలో రేటు ఎట్లా ఉంది? చెప్పనే లేదు. మీ కోడలు గోంగూర పచ్చడి అయిపోయిందంటోంది, ఎవరైనా వస్తుంటే పంపండి.

అమ్మా, మోకాలికి ఎక్స్‌రే ఈ వారమే తీయించుకో, ఖర్చు అని ఆగొద్దు. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తా, అప్పుడు తమ్ముడిని కూడా ఇంట్లో ఉండమనండి.

మీ పెద్దోడు