దాహం తీర్చకుండా బ్యాటరీని పారెయ్యకు

హనుమకొండ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మిత్రమా,

నిన్న నువ్వు ఫోనులో చెప్పిన సంగతి ఇంకా నా మనసులోనే తిరుగుతోంది. మీ నాన్నగారి మారుతి 800 నెల రోజులు కదలకుండా ఉండేసరికి, తాళం తిప్పితే 'టక్'మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుందన్నావు. మెకానిక్ వచ్చి, బానెట్ ఎత్తి, పైనుంచి ఒక చూపు చూసి, బ్యాటరీ పోయింది కొత్తది వేయించమన్నాడన్నావు. మూతలు తీసి చూశాడా అని నేనడిగితే, "వాటికి మూతలుంటాయా?" అని నువ్వే నన్ను అడిగావు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో చెబితే సగం విని సగం వదిలేస్తావు. కాగితమైతే బండి పక్కన పెట్టుకుని ఒక్కో మాటా చదువుకుంటూ పని చేసుకోవచ్చు.

నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. వరసగా ఆరు మూతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అంటే అది నీళ్లు పోసుకునే రకమే. పూర్తిగా మూసేసిన రకం అయితే దాని జోలికి వెళ్లవద్దనే చెప్పేవాణ్ణి. వాటిని పెకలించి తెరిచినవాళ్లకు నష్టమే తప్ప లాభం లేదు. నీది అలాంటిది కాదు కాబట్టి, కొత్తదానికి డబ్బు కట్టే ముందు ఒక్క ఆదివారం దానికి ఇవ్వు.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకో. ఆరు మూతల కింద ఆరు గదులు, వాటినే సెల్లులంటారు. ఒక్కో సెల్లు రెండు వోల్టులకు కాస్త ఎక్కువ ఇస్తుంది. ఆరూ కలిస్తే నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులకు పైన. ప్రతి సెల్లులోనూ సీసం ప్లేట్లు, వాటి మధ్య నీళ్లు కలిపిన గంధకామ్లం. మనం కరెంటు వాడుకుంటుంటే ఆమ్లంలోని సల్ఫేటు ప్లేట్లకు పట్టుకుంటుంది, ద్రవం పలచబడుతుంది. చార్జి చేస్తే అది ప్లేట్లను వదిలి తిరిగి ద్రవంలోకి వస్తుంది. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే సీసం రేకులను ఆమ్లంలో ముంచి చూపించింది ఇదే. ఇన్నేళ్లలో ఎన్నో మెరుగులు దిద్దారు గానీ, మీ నాన్నగారి బండిలో జరిగేది ఇప్పటికీ అదే.

చార్జింగు చివరికొచ్చేసరికి ప్లేట్లు తీసుకోలేని కరెంటు నీళ్లను విడగొడుతుంది. నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా మారి, మూతల్లోని సన్నటి రంధ్రాల గుండా బయటికి పోతాయి. ఎండాకాలం ఇంజను పక్కన కాగుతూ ఉంటే ఇంకా త్వరగా తగ్గుతాయి. పోయేది నీళ్లు మాత్రమే. ఆమ్లం ఎక్కడికీ పోదు. అందుకే తగ్గినప్పుడు నీళ్లే పోయాలి, యాసిడ్ పోయకూడదు. "కొంచెం యాసిడ్ వేస్తే బ్యాటరీకి బలం వస్తుంది" అని ఎవరైనా చెబితే దయచేసి వినకు. ఉన్న ఆమ్లానికి మరింత ఆమ్లం చేరితే ప్లేట్లను, వాటి మధ్య పొరలను అది తినేస్తుంది. బ్యాటరీ పక్కకు ఒరిగి ఆమ్లం ఒలికిపోతేనే మళ్లీ ఆమ్లం మాట. అది కూడా దుకాణం వాళ్లు చేయాల్సిన పని.

ఇక ఏ నీళ్లు పోయాలన్నది. ఇక్కడ నేను చేసిన తప్పు నీకు చెప్పాలి. నాన్న ఉన్నన్నాళ్లూ మా అంబాసడర్ బ్యాటరీని నెలకొకసారి ఆయనే చూసుకునేవారు. తొలి వానలకు పింగాణీ జాడీని డాబా మధ్యలో, చూరు నీళ్లు పడని చోట పెట్టి, ఆకాశం నుంచి నేరుగా పడ్డ నీటిని సీసాల్లోకి పట్టి దాచేవారు. ఆయన పోయిన ఏడాది నేను ఆ బండి వైపే చూడలేదు. మే నెలలో మూతలు తీస్తే ప్లేట్ల అంచులు బయటికి కనిపిస్తున్నాయి. కంగారులో వంటింటి ఫిల్టరు నీళ్లు పోశాను. తాగే నీళ్లే కదా, శుభ్రంగానే ఉంటాయి కదా అనుకున్నాను. వానాకాలం దాటకముందే అది రాత్రికి రాత్రి దిగిపోవడం మొదలుపెట్టింది, ఆ తర్వాత నిలవలేదు. నాన్న అయిదేళ్లు కాపాడినదాన్ని నేను ఒక్క వేసవిలో పోగొట్టాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

తర్వాత నీటిలోని లవణాలు కొలిచే చిన్న మీటరు కొన్నాను. మా బోరు నీళ్లకు లీటరుకు 640 మిల్లీగ్రాములు చూపించింది. ఫిల్టరు నీళ్లకు 58. దుకాణంలో కొన్న డిస్టిల్డ్ వాటర్‌కు 1. ఆ అంకెలు చూశాక ఇక వేరే రుజువు అక్కర్లేకపోయింది. నీటిలో ఇనుము ఉంటే బ్యాటరీ ఊరికే ఉన్నా లోలోపల చార్జి కారిపోతుంది. క్లోరైడు ఉంటే సీసాన్నే కొరుకుతుంది. ఒకసారి లోపలికి వెళ్లిన ఉప్పును మళ్లీ బయటికి తీయలేం. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మిగిలిపోతుంది, ప్రతిసారీ పేరుకుంటుంది. మీ రాజమండ్రిలో గోదావరి నీళ్లు ఎంత తియ్యగా ఉన్నా బ్యాటరీకి పనికిరావు. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా వద్దు. అవి రాగి గొట్టాల మీదుగా, దుమ్ము కడుక్కుంటూ వస్తాయి. డిస్టిల్డ్ వాటర్ లేదా డీమినరలైజ్డ్ వాటర్ అని ముద్రించి, సీలు ఉన్న సీసానే కొను. పేరూ ఊరూ లేని డబ్బాల్లో అమ్మేది తీసుకోకు.

ఇప్పుడు పని. బండిని ఇంటి ముందు నీడలోకి తోయించు, షెడ్డు లోపల వద్దు. చేతి ఉంగరం, గడియారం తీసెయ్యి. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు పెట్టుకో. మంచి బట్టలు వేసుకోవద్దు. ఆమ్లం చుక్క పడ్డట్టు ఆ పూట తెలియదు. నా నూలు లుంగీ మీద మరకైనా కనిపించలేదు. మర్నాడు ఉతికి దండెం మీద ఆరేస్తే, తొడ దగ్గర అయిదారు చిల్లులు, అంచులు పిండిలా రాలిపోతూ కనిపించాయి. ఆ చుక్కే కంట్లో పడితే ఏమవుతుందో ఆలోచించు. పక్కన బకెట్ నిండా నీళ్లు పెట్టుకో. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ఆపకుండా ధారగా కడిగి, నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లు. చిన్నవాణ్ణి ఆ పూట దగ్గరికి రానివ్వకు.

టెర్మినల్ అంటే బ్యాటరీ పైన వైరు బిగించే సీసం మొల. వైర్లు విప్పేటప్పుడు ముందు నల్లది, అంటే నెగటివ్. పది నంబరు స్పానర్ సరిపోతుంది. ముందుగా పాజిటివ్ విప్పబోతే స్పానర్ చివర బండి ఇనుముకు తగిలిందంటే నిప్పులు రాలతాయి. నెగటివ్ తీసేశాక ఆ భయం లేదు. తిరిగి బిగించేటప్పుడు వరస మారుతుంది, పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. మొలల చుట్టూ తెల్లగా, నీలంగా పువ్వు పూసినట్టు ఉంటుందే, అది చేత్తో గీకకు. మూతలన్నీ గట్టిగా బిగించి ఉన్నాయో లేదో చూసి, గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పాత టూత్ బ్రష్షుతో రుద్దు. నురగ వస్తుంది. నురగ ఆగిపోయాక మంచినీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, పొడిగా ఆరనివ్వు. సోడా చుక్క కూడా లోపలికి పోకూడదు, పోతే ఆమ్లాన్ని చంపేస్తుంది. అంతా బిగించాక పైన పల్చగా వాజలైన్ పూస్తే ఆ పువ్వు మళ్లీ త్వరగా పట్టదు.

అది అయ్యాక మూతలు తీసి టార్చి వేసి చూడు. అగ్గిపుల్ల, లైటరు, బీడీ, అగరువత్తి ఏదీ దగ్గరికి రాకూడదు. లోపల హైడ్రోజన్ ఉంటుంది, గాలిలో అది నూటికి నాలుగు పాళ్లు చేరినా చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. నేను ఊరికే భయపెట్టడం లేదురా. బ్యాటరీ పగిలితే ప్లాస్టిక్ ముక్కలతో పాటు ఆమ్లం ముఖం మీదికే వస్తుంది.

ప్లేట్లు మునిగి ఉంటే ఇప్పుడేమీ పోయకు. ముందు చార్జింగు పెట్టు. చార్జి ఎక్కుతుంటే ద్రవం ఉబ్బుతుంది. ముందే నిండా పోసి ఉంటే మూతల్లోంచి ఆమ్లం పొంగి బయటికి వస్తుంది. ప్లేట్లు బయటికి తేలి ఉంటే మాత్రం, అవి మునిగేంత వరకే పోసి చార్జింగు పెట్టు, మిగతాది తర్వాత. బ్యాటరీ ఎంత చార్జి దాచుకోగలదో ఆంపియర్-అవర్లలో చెబుతారు. నీది 35 ఆంపియర్-అవర్లది కాబట్టి 3.5 ఆంపియర్ల దగ్గర నెమ్మదిగా చార్జి చెయ్యి. పూర్తిగా దిగిపోయినదైతే పది, పన్నెండు గంటలు పడుతుంది. క్లిప్పులు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ చార్జరు స్విచ్ ఆపి ఉండాలి.

చార్జి అయ్యాక అసలు నీళ్లు పొయ్యి. ప్లాస్టిక్ గరాటు వాడు, ఇనుపది వద్దు. ఈ పనిలో నాకు చాలా ఇష్టమైన క్షణం ఇక్కడే ఉంది. టార్చి వెలుతురులో రంధ్రంలోకి చూస్తూ సన్నటి ధారగా పోస్తుంటే, నీటి మట్టం నెమ్మదిగా పైకి వస్తుంది. రంధ్రం కింద చిన్న గొట్టం లాంటి అంచు ఉంటుంది. నీరు దాన్ని తాకిన క్షణంలో అప్పటిదాకా అద్దంలా నున్నగా ఉన్న మట్టం చటుక్కున ముడుచుకుని, లోపలినుంచి ఒక కన్ను నిన్ను చూస్తున్నట్టు అవుతుంది. అక్కడ ఆపెయ్యి. మీ బ్యాటరీలో ఆ అంచు లేకపోతే, ప్లేట్ల పైన సెంటీమీటరు, సెంటీమీటరున్నర నిలిస్తే చాలు. పక్క గోడ మీద గీతలుంటే పై గీత దాటనివ్వకు. ఒక్కో సెల్లుకు ఎంత పట్టిందో రాసుకో. ఆరింటిలో ఒక్కటే మిగతావాటికంటే ఎక్కువ తాగితే దానిలో ఏదో లోపం ఉన్నట్టే. ఆరూ తరచూ తాగుతుంటే, ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ ఎక్కువ చార్జి ఇస్తోందేమో చూపించు. ఇంజను నడుస్తుండగా మల్టీమీటరు పెడితే 13.8 నుంచి 14.5 వోల్టుల లోపు ఉండాలి.

తర్వాత హైడ్రోమీటరు. సెల్లులోని ద్రవం నీళ్లకంటే ఎన్ని రెట్లు చిక్కగా ఉందో అది చెబుతుంది, దాన్నిబట్టి చార్జి తెలుస్తుంది. గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి ఉంటాయి, బ్యాటరీ దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతుంది. కానీ నీళ్లు పోసిన వెంటనే కొలవకు. కొత్త నీరు పైనే తేలుతూ ఉంటుంది, అంకె తప్పుగా తక్కువ చూపిస్తుంది. బండిని ఒకటి రెండు రోజులు తిప్పాక చూడు. నిండుగా ఉన్న సెల్లు 1.250 పైన చూపిస్తుంది. పూర్తిగా దిగిపోయినదైతే 1.120 దగ్గర. దుకాణాల్లో చుక్క తీసేసి 'పన్నెండు యాభై' అంటారు, తికమక పడకు. ఆరూ దగ్గరదగ్గరగా ఉంటే నీ బ్యాటరీ బతికినట్టే. అయిదు 1.240 చూపించి ఒకటి 1.150 దగ్గర ఆగిపోయి, మళ్లీ చార్జి చేసినా లేవకపోతే ఆ సెల్లు పోయింది, నీళ్లు ఏమీ చేయలేవు. అప్పుడు మెకానిక్ మాటే నిజమని నేనే ఒప్పుకుంటాను.

అసలు ఎందుకు దిగిపోయిందంటే, ఒక్కసారి సెల్ఫ్ కొట్టడానికి ఖర్చయ్యేది నిజానికి చాలా తక్కువ. ఆగి ఉన్న బండే ఎక్కువ తాగుతుంది. గడియారం, స్టీరియో, మీవాళ్లు పెట్టించిన అలారం కలిసి 30 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నాయనుకో. రోజుకు 0.72, నెలకు 21.6 ఆంపియర్-అవర్లు. 35లో సగానికి పైగా అదే తినేసింది. వారానికోసారి మార్కండేయస్వామి గుడిదాకా పది నిమిషాలు వెళ్లొస్తే అది తిరిగి నిండదు. సీసం బ్యాటరీకి చివరి అయిదో వంతు చార్జి ఎక్కడానికి గంటలు పడుతుంది. అలా సగం ఆకలితో వదిలేస్తే ప్లేట్లకు పట్టిన సల్ఫేటు గట్టిపడి, ఎంత చార్జి చేసినా కరగదు. నీ బ్యాటరీ విషయంలో నాకున్న భయం అదొక్కటే. అందుకే ఆలస్యం చేయకు. ఊరు వెళ్లేటప్పుడు నెగటివ్ వైరు విప్పి పక్కన పెట్టు. వీలైతే నెలకోసారి చార్జింగు పెట్టు.

మెట్ల కింద ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ కూడా ఇదే జాతి. దానికి తేలే పుల్లలుంటాయి, వాటి మీది గుర్తు చూస్తే మట్టం తెలిసిపోతుంది. కాబట్టి వేసవిలో నెలకొకసారి వంగి చూడటమే పని.

ఒకవేళ నిజంగానే పోతే, పాతదాన్ని కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చెయ్యి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు సక్రమంగా కరిగించి సీసం తీసే చోటుకే చేరాలి. వీధిలో తిరిగే పాత ఇనుము వాళ్లకు ఇవ్వకు. వాళ్లు ఆమ్లాన్ని కాలువలో ఒంపేస్తే, సీసం మట్టిలో కలిసి అక్కడ ఆడుకునే పిల్లల ఒంట్లోకి చేరుతుంది. వంద, రెండు వందలు ఎక్కువ వస్తాయని ఆ పని చేయవద్దు.

డిస్టిల్డ్ వాటర్ రెండు లీటర్లు, గరాటు, హైడ్రోమీటరు శనివారం సాయంత్రమే తెచ్చి పెట్టుకో. ఆదివారం పొద్దున్నే ఎండ ఎక్కకముందు మొదలుపెట్టు. మూతలు తీయగానే ప్లేట్లు మునిగి ఉన్నాయో తేలి ఉన్నాయో నాకు ఫోను చేసి చెప్పు. మంగళవారం కొలిచినప్పుడు పాజిటివ్ వైపు నుంచి వరసగా ఆరు అంకెలూ రాసి పంపించు. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ
చిన్ననాటి మిత్రుడు