ఎక్కడ ఆపామో రాసిపెట్టుకోండి

సంపాదకులకు నమస్కారం.

గ్రూప్స్ నోటిఫికేషన్ పడ్డప్పుడల్లా, పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డప్పుడల్లా పత్రికల్లో ఏకాగ్రత మీద వ్యాసాలు వస్తుంటాయి. ఫోన్ పక్కన పెట్టండి, ధ్యానం చేయండి, మనసు లగ్నం చేయండి అనడంతో అవి ముగుస్తాయి. అశోక్‌నగర్ రీడింగ్ రూముల్లో పొద్దస్తమానం కూర్చునే పిల్లలకు, నెలనెలా 11వ తేదీకీ 20వ తేదీకీ జీఎస్టీ రిటర్నులతో కుస్తీ పట్టే అకౌంటెంట్లకు, మాదాపూర్ కంపెనీ పనిని ఇంట్లోంచి చేసే ఇల్లాలికి ఈ సంగతి తెలియక కాదు. పనిలోంచి ఒకసారి లేచాక మళ్లీ అదే చోటికి ఎలా చేరాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఎక్కువ టైం పోయేది అక్కడే.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖలో పనిచేసిన గ్లోరియా మార్క్, ఆఫీసు ఉద్యోగుల పనిని దగ్గరుండి గమనిస్తూ లెక్కలు తీశారు. అందులోంచి 'ఒక్క ఆటంకం వస్తే మళ్లీ పనిలో పడడానికి 23 నిమిషాలు' అన్న ముక్క ఒకటి వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. అంతసేపూ బుర్ర మొద్దుబారి కూర్చుంటామని దానికి అర్థం చెబుతున్నారు. నిజానికి మధ్యలో ఇంకో రెండు పనులు నెత్తిన పడి, వాటి సంగతి చూసుకుని మొదటి పని దగ్గరికి వచ్చేసరికి సగటున అంతసేపు పట్టింది. అంటే ఆ రెండు పనులూ జొరబడకుండా చూసుకుంటే చాలావరకు గట్టెక్కినట్టే. ఇంకో మాట కూడా ఆ పరిశోధనల్లో తేలింది. ఆటంకాల్లో సుమారు సగం బయటివాళ్లు తెచ్చినవి కావు, మనంతట మనం పని వదిలేసి వెళ్లినవి.

సగంలో వదిలేసిన పని, కాఫీ గ్లాసు అడుగున మడ్డిలా, తర్వాతి పనిలోకి కొంత వచ్చి కలుస్తుంది. 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు దీనికి 'అటెన్షన్ రెసిడ్యూ' అని పేరు పెట్టారు. 2018లో థెరిసా గ్లోంబ్‌తో కలిసి దానికో విరుగుడు పరీక్షించారు. లేచే ముందు ఎక్కడున్నామో, తిరిగొచ్చాక మొదట ఏం చేయాలో నిమిషంలోపు రాసుకున్నవాళ్ల బుద్ధి తర్వాతి పనిలో బాగా నిలిచింది. ఇంత చిన్న పనిని మనవాళ్లు పట్టించుకోకపోవడమే వింత.

అయితే ఆ చీటీ రాయడంలోనే పొరపాటు జరుగుతుంది. అకౌంటెంటు '2బీ టాలీ చేయాలి, పెండింగ్' అని రాస్తే (2బీ అంటే సప్లయర్లు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టిక) అది చీటీ కాదు, బెంగ. '27వ బిల్లు దాకా చూశాను. 28వది మన పుస్తకంలో ఉంది, 2బీలో లేదు. ముందు సప్లయర్‌కు ఫోన్' అని రాయాలి. చదివే పిల్లలైతే 'పాలిటీ సగమైంది' అని కాకుండా '73వ సవరణ అయింది, తర్వాత 11వ షెడ్యూలులోని 29 అంశాలు చూడకుండా రాయాలి' అని రాసుకోవాలి. తిరిగొచ్చిన చెయ్యి ఆలోచించకుండా కదిలేంత స్పష్టంగా ఉండాలి. చీటీ ఫోన్‌లో వద్దు, కాగితం మీదే. ఫోన్‌లో రాస్తే చదవడానికి ఫోన్ తెరవాలి, తెరిస్తే ఇంకేముంది!

ఇంకో కాగితం కుడిచేతి పక్కన ఉంచుకోవాలి. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, అత్తయ్యకు ఫోన్... ఇవన్నీ పనిలో ఉండగానే గుర్తొస్తాయి. గుర్తొచ్చింది రెండు మాటల్లో అక్కడ పడేసి, పని అయ్యాక చూసుకోవాలి. ఇప్పుడే చేసేస్తే పోలా అనుకోవడమే ఆ సగం ఆటంకాలకు మూలం.

ఇంట్లోంచి ఆఫీసు పనిచేసే ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. కుక్కర్ పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంటే బుద్ధిలో ఒక ముక్క విజిళ్లు లెక్కపెడుతూనే ఉంటుంది. నల్లా నీళ్ల రోజైతే సంపు నిండిందా, మోటార్ కట్టేశామా అని ఒక చెవి అటే. విజిల్ ఇంకా రాకపోయినా దానికోసం ఎదురుచూడడమే ఆటంకం. విజిళ్ల లెక్క వదిలేసి, మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి, వంటింటి టైమర్ పెట్టుకుంటే ఆ కాపలా పని యంత్రం చేస్తుంది. నల్లా వచ్చే గంటలో లెక్కలూ కోడింగూ పెట్టుకోకుండా ఈమెయిళ్లకు జవాబులు, ఫైళ్లకు పేర్లు పెట్టడం లాంటివి చూసుకోవాలి. పిల్లాడు పిలిస్తే 'ఆగు నాన్నా' అంటే ఐదు నిమిషాలకు మళ్లీ వస్తాడు. 'పెద్దముల్లు 12 మీదికి వచ్చాక రా' అంటే గడియారం ముందు కూర్చుంటాడు, మాట నిలబెట్టుకుంటే రేపూ కూర్చుంటాడు. ఇక ఇంట్లో మగవాళ్లు మోటార్ స్విచ్ వేయడం నేర్చుకుంటే ఈ పేరాలో సగం అవసరమే లేదు.

ఫోన్ దగ్గరికి వద్దాం. పక్క గదిలో ఫోన్ ఉన్నవాళ్ల కన్నా బల్లమీద పెట్టుకున్నవాళ్లకు బుద్ధిని కొలిచే పరీక్షల్లో మార్కులు తగ్గాయని 2017లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ వార్డ్ బృందం చూపింది. తర్వాతి అధ్యయనాలన్నింటిలోనూ అదే ఫలితం రాలేదు. రాకపోయినా, దూరంగా ఉంటే లేచి వెళ్లాలి. ఆ పది అడుగులే మనకు కావలసింది.

'అమ్మకు బాగాలేదని ఫోన్ వస్తే?' అన్న భయంతో చాలామంది దాన్ని జేబులోంచి తీయరు. ఫోన్ రింగవకుండా ఆపే 'డు నాట్ డిస్టర్బ్' సెట్టింగ్‌లో ఇంటివాళ్ల నంబర్లకు మినహాయింపు ఇవ్వొచ్చు. రిపీట్ కాలర్స్ అన్నది ఆన్ చేస్తే, ఒకే నంబరు ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల లోపు, ఐఫోన్‌లో 3 నిమిషాల లోపు రెండోసారి చేసినప్పుడు రింగవుతుంది. 'అవసరమైతే వెంటనే రెండోసారి చెయ్యండి' అని ఇంట్లో చెప్పి ఉంచాలి, లేకపోతే ఆ సెట్టింగ్ ఉండీ దండగ. వాట్సాప్ గ్రూపులను మ్యూట్ చేసినా, మన పేరు పెట్టి పిలిచినప్పుడు కబురు వస్తుంది కాబట్టి ఆఫీసు గ్రూపును మ్యూట్ చేస్తే కొంపలేం మునగవు.

జీఎస్టీ పోర్టల్ ఓటీపీ కోసం ఫోన్ తీసి, అరగంట తర్వాత రీల్స్‌లో తేలడం మామూలే. రిటర్న్ మీద ఈవీసీతో, అంటే ఓటీపీ కొట్టి, సంతకం చేసేటప్పుడు ఆ ఓటీపీ ఈమెయిల్‌కూ వస్తుంది, కంప్యూటర్‌లోనే చూసుకోవచ్చు. తప్పనిసరిగా ఫోన్ కావలసిన పనులన్నీ ఒక గంటకు కూడేసి ఒకేసారి చేయాలి. 'శంకర్‌పల్లిలో ప్లాట్లున్నాయి సార్' బాపతు కాల్స్‌ను ఆపించడానికి 1909 ఉంది. ఇంగ్లిష్‌లో స్టార్ట్ అని టైపు చేసి, ఖాళీ వదిలి, సున్నా కొట్టి ఆ నంబరుకు ఎస్సెమ్మెస్ పంపాలి. బ్యాంకు ఓటీపీలు ఆగవు. ఆ తర్వాత కూడా మామూలు పది అంకెల నంబర్ల నుంచి చేసేవాళ్ల మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీ యాప్‌లో 7 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి.

చప్పుడు విషయంలో ఒక్కటి తెలిస్తే చాలు. అర్థమయ్యే మాట అన్నింటికన్నా చెడ్డది. ఫ్యాన్ హోరులో చదవగలం, పక్క బల్ల మీద గుసగుసలో చదవలేం. తెలుగు పాటలు పెట్టుకుని తెలుగు వ్యాసం రాసేవాళ్లు తమ కాలి మీద తామే గొడ్డలి వేసుకుంటున్నట్టు. స్పాంజి ఇయర్ ప్లగ్గులు మందుల షాపుల్లో దొరుకుతాయి. వాటిని ఉన్నపళంగా కుక్కితే ప్రయోజనం లేదు. వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పెట్టి, ఉబ్బేదాకా 20 నుంచి 30 సెకన్లు వేలితో ఆనించి ఉంచాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకులు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి, 100కు ఫోన్ చేయవచ్చు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా 12 గంటల దాకా సడలింపు ఇచ్చే వీలూ వాటిలోనే ఉంది. కాబట్టి వినాయక చవితి రోజుల్లో కొట్లాట కన్నా తెల్లవారుజామున లేవడం మేలు.

పొమొడోరో అని 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం పద్ధతి పిల్లల్లో బాగా పాకింది. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టాడు. బట్టీకి, చిన్న పనులకు బాగుంటుంది. అరిథ్‌మెటిక్‌లో ఒక చిక్కు లెక్క పట్టు దొరుకుతున్న సమయానికి గంట మోగితే మాత్రం అదే ఆటంకం. అలాంటి పనికి 50, 10 మేలు. విరామంలో రీల్స్ చూస్తే పది నిమిషాల్లో ఎన్నో కొత్త సగం సంగతులు బుర్రలో చేరతాయి. బాల్కనీలో నిలబడండి, నీళ్లు తాగండి. సాయంత్రం ఆరు గంటల ఇరానీ చాయ్‌లోని కెఫీన్ రాత్రి పదకొండుకు కూడా సుమారు సగం ఒంట్లోనే ఉంటుందన్నది గుర్తుంటే మంచిది.

ఆఫీసుల యజమానులకు ఒక విన్నపం. గ్రూపులో 'అర్జెంట్' అని రాయడం మానేయండి. నిజంగా అర్జెంటైతే ఫోన్ చేయండి, కాకపోతే ఎన్ని గంటలకు కావాలో రాయండి. అలాగే రీడింగ్ రూములు నడిపేవారు తలుపు పక్కన అంకెలు వేసిన చిన్న అరలు పెట్టి, పిల్లలు ఫోన్లు అక్కడ ఉంచే వీలు కల్పించాలి. హాల్లో అందరికీ కనిపించేలా పెద్ద గోడ గడియారం పెట్టించండి. టైం చూడడానికి ఫోన్ తీసే పని తప్పుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
చిక్కడపల్లి, హైదరాబాద్